కొత్త ఎనలైజర్, కొత్త టెక్నీషియన్: డెల్టా ల్యాబులో మొదటి నెల

అమలాపురంలోనో పాలకొల్లులోనో ఒక చిన్న ల్యాబ్‌కి ఫుల్లీ ఆటో బయోకెమిస్ట్రీ ఎనలైజర్ (సీరంలో షుగర్, క్రియాటినిన్ లాంటివి తనంతట తానే కొలిచే మెషీన్) వచ్చిందంటే ఆ హడావుడి రెండు మూడు రోజుల్లో ముగిసిపోతుంది. మొదటి రోజు పెట్టె విప్పి బల్ల మీదకి ఎక్కిస్తారు, కొబ్బరికాయ కొడతారు. రెండో రోజు కంపెనీ ఇంజనీర్ టెస్టులు ప్రోగ్రామ్ చేసి, నాలుగు సీరంలు నడిపి చూపిస్తాడు. మూడో రోజు బస్సు టైమ్ అవుతుండగా ‘అర్థమైందా?’ అని అడుగుతాడు. ఎదురుగా ఉన్నది ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీయో, డీఎంఎల్‌టీయో (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు) పూర్తిచేసి ఏడాది కూడా తిరగని కుర్రాడో అమ్మాయో. ‘ఆయ్’ అంటారు. ట్రైనింగ్ ఫారం మీద సంతకం అయిపోతుంది.

గోదావరి జిల్లాల్లో ‘ఆయ్’ అంటే మీరు చెప్పింది మర్యాదగా విన్నానని. అర్థమైందని కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీర్‌కి ఈ తేడా తెలియాలని లేదు. మర్నాడు ఉదయం పరగడుపు షుగర్ కోసం పది మంది బెంచీ మీద కూర్చుని ఉంటారు, కంట్రోల్ (మెషీన్‌ని పరీక్షించడానికి నడిపే, విలువ ముందే తెలిసిన సీరం) తప్పు చూపిస్తుంది, ఇంజనీర్ ఫోన్ కలవదు. అప్పుడు ఆ కొత్త టెక్నీషియన్‌కి చేతనైన పని ఒకటే, మళ్లీ స్టార్ట్ నొక్కడం.

చిక్కంతా నేర్పే వరసలో ఉంది. ఏ బటన్ ఎక్కడుందో పూటలో నేర్పేయొచ్చు. ఎప్పుడు ఆపాలో నేర్పడానికి చాలా రోజులు పడుతుంది, దానికి ఎవరూ టైమ్ ఇవ్వరు. ఎనలైజర్ చేసేది రంగు నీళ్లలోంచి పోయిన కాంతి ఎంత తగ్గిందో కొలవడం. క్యూవెట్‌లో, అంటే కాంతి దాటే ఆ చిన్న గిన్నెలో, ఉన్నది సీరమా, నురగా, కడిగాక మిగిలిపోయిన నీటి చుక్కా అన్నది ఫోటోమీటర్‌కి పట్టదు. కొన్ని పొరపాట్లకి ఎర్ర ఫ్లాగ్ వేస్తుంది, మిగతావాటికి ఏమీ అనదు. ఏం పెట్టినా ఒక అంకె ఇస్తుంది, ఆ అంకెకి రెండు దశాంశ స్థానాలు కూడా ఉంటాయి. రెండు దశాంశాలు చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది.

సెమీ ఆటో మీద, అంటే సగం పని చేత్తోనే చేసే మెషీన్ మీద, చేయి తిరిగినవాళ్లకి ఈ విషయంలో ఒక లాభం ఉంది. పైపెట్‌తో గ్లూకోజ్ రీఏజెంట్ (పరీక్ష రసాయనం) పోసి, సీరం కలిపి, 37 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచితే గులాబీ రంగు ఎక్కడం కళ్లారా చూస్తారు. షుగర్ ఎక్కువున్నవాళ్ల ట్యూబు ముదురుగా ఉంటుంది. ట్యూబు పాలిపోయి ఉంటే, అంకె 300 వస్తే, ఎక్కడో తేడా కొట్టిందని చేతికే తెలుస్తుంది. ఫుల్లీ ఆటోలో ఆ రంగు మూత కింద దాగిపోతుంది. అందుకే నేరుగా ఫుల్లీ ఆటో మీద కూర్చునేవాళ్ల చేత మొదటి రోజే ఒక గ్లూకోజ్, ఒక క్రియాటినిన్ చేత్తో చేయించడం మంచిది. గంట పని. ఎండ్ పాయింట్, ఫిక్స్‌డ్ టైమ్, కైనెటిక్ అన్న మూడు కొలత పద్ధతుల పేర్లు మాన్యువల్ చదివి బట్టీ పట్టడం కంటే ఆ గంటలో బాగా ఎక్కుతాయి.

ఇక డెల్టాలో సెటప్ మొదలు కావాల్సింది మెషీన్ దగ్గర కాదు, నీళ్ల దగ్గర. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడ కాలువ పారని ఊరు అరుదు. అయినా ఎనలైజర్‌కి పోయదగ్గ నీళ్లు మాత్రం ఏ కాలువలోనూ ఏ బోరులోనూ దొరకవు. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీళ్లో బోరు నీళ్లో గతి. సముద్రం వైపు పోయేకొద్దీ బోరులో ఉప్పు పెరుగుతుంది. వరదల కాలంలో గోదారి ఎర్రబడితే ఆ ఒండ్రు ఫిల్టర్లలో పేరుకుంటుంది. అంటే ఒకే ఆర్‌ఓ యూనిట్‌కి ఏడాదిలో మూడు రకాల నీళ్లు అందుతున్నాయన్నమాట. డిసెంబర్‌లో ఇన్‌స్టలేషన్ చేసి ‘నీళ్లు ఓకే’ అని రాసిన కాగితం మే నెలలో పనికిరాదు.

కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను తెచ్చి మెషీన్ ట్యాంకులో పోయడం. ‘మనం తాగేదే కదండీ’ అంటారు. తాగే నీళ్లలో ఖనిజాలు ఉండాలి, ఎనలైజర్‌కి ఉండకూడదు. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలు తీసేసే డీఅయనైజర్ తప్పనిసరి. క్లినికల్ ల్యాబ్ రీఏజెంట్ వాటర్‌కి అంతర్జాతీయంగా వాడే సీఎల్ఎస్ఐ (ల్యాబ్ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం రెసిస్టివిటీ 10 మెగా ఓమ్ సెంటీమీటర్లకి తగ్గకూడదు. కండక్టివిటీగా చెప్పుకుంటే సెంటీమీటర్‌కి 0.1 మైక్రోసీమెన్ లోపు. చిన్న బెంచ్‌టాప్ మెషీన్ల మాన్యువల్ కొంత సడలింపు ఇవ్వొచ్చు, ఆ మాన్యువల్‌లో ఉన్న అంకెనే గోడ మీద రాసి పెట్టుకోవాలి. జేబులో పెట్టుకునే టీడీఎస్ పెన్ను సున్నా చూపించిందని సంబరపడితే లాభం లేదు, అంత సన్నటి తేడా దానికి అందదు. డీఅయనైజర్ అవుట్‌లెట్ దగ్గర కండక్టివిటీ మీటర్ ఉండాలి, రోజూ ఉదయం ఆ అంకె రిజిస్టర్‌లో పడాలి.

చెడ్డ నీళ్లు మెషీన్ని ఒక్కసారిగా ఆపవు, అదే అసలు బాధ. మొదట క్యూవెట్ గోడల మీద సన్నటి తెల్ల మచ్చలు పడతాయి, క్యూవెట్ బ్లాంక్ విలువలు (సీరం లేకుండా చదివే అంకెలు) మెల్లగా ఎగబాకుతాయి. కాల్షియం, మెగ్నీషియం లాంటి టెస్టులు ముందు చెడతాయి, ఎందుకంటే అవే నీళ్లలో ఉన్నాయి. కాల్షియం రీఏజెంట్ బ్లాంక్ రోజురోజుకీ పైకి జరుగుతుంటే రీఏజెంట్ కంపెనీని తిట్టే ముందు డీఅయనైజర్ రెజిన్ చూడాలి. ఇంకో సంగతి, శుద్ధి చేసిన నీళ్లు కూడా ట్యాంకులో నిలవ ఉంటే బ్యాక్టీరియా పెరుగుతుంది, గొట్టాల లోపల జిగట పొర కడుతుంది. శనివారం మధ్యాహ్నం నింపిన ట్యాంకుతో సోమవారం ఉదయం పని మొదలుపెట్టడం చాలా ల్యాబుల్లో మామూలే. కానీ ఆ నీళ్లు పారబోసి కొత్తవి పట్టుకోవాలి.

కరెంట్ సంగతి కొంచెం సులువు. ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి, ఇంట్లో ఫ్యాన్లకి వాడే ఇన్వర్టర్ కాదు. రియాక్షన్ మధ్యలో కరెంట్ పోతే ఆ బ్యాచ్ సీరం, రీఏజెంట్ రెండూ వృథా. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిచి చూడాలి, ఇంజనీర్లు మామూలుగా రెండు మూడు వోల్టుల లోపు అడుగుతారు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఎర్త్ క్లాంపులు తుప్పు పడతాయి, ఒకసారి వేసిన ఎర్తింగ్ ఎప్పటికీ ఉంటుందనుకోకూడదు. సెంట్రిఫ్యూజ్, ఫ్రిజ్, ఏసీ వేరే లైను మీద ఉండాలి. ఏసీ గాలి సూటిగా మెషీన్ మీద కొట్టకూడదు. మెషీన్ మట్టంగా కూర్చుందో లేదో స్పిరిట్ లెవెల్ పెట్టి చూడాలి. రవాణాలో కదలకుండా వేసిన లాకులు తీయకుండా స్విచ్ వేస్తే ప్రోబ్ (సీరం పీల్చే సూది) ఆర్మ్ మొదటి నిమిషంలోనే దెబ్బతింటుంది.

తర్వాత ప్రోగ్రామింగ్. ఇంజనీర్ చకచకా అంకెలు కొట్టుకుంటూ పోయేది ఇక్కడే, కొత్తవాళ్లు ఆపి అడగాల్సిందీ ఇక్కడే. కాలేయ పరీక్ష ఎస్‌జీపీటీ సంగతే చూద్దాం. 340 నానోమీటర్ల కాంతి దగ్గర ఎన్‌ఏడీహెచ్ (రియాక్షన్‌లో ఖర్చయ్యే పదార్థం) తరిగిపోయే వేగాన్ని కొలుస్తారు. రీఏజెంట్ 1000 మైక్రోలీటర్లు, సీరం 100 అయితే, కాంతి దాటే దూరం ఒక సెంటీమీటర్ అనుకుంటే, ఆ వేగాన్ని రిపోర్టు అంకెగా మార్చే ఫ్యాక్టర్ 1768. ఇది దైవదత్తమైన సంఖ్య కాదు. మొత్తం ద్రవాన్ని సీరంతో భాగించి, ఎన్‌ఏడీహెచ్‌కి ఉన్న 6.22 అనే స్థిరాంకంతో మళ్లీ భాగించి, వెయ్యితో గుణిస్తే వచ్చేది. రీఏజెంట్, సీరం రెండూ సగానికి తగ్గిస్తే ఫ్యాక్టర్ మారదు. కానీ కిట్టు ఎక్కువ టెస్టులు రావాలని రీఏజెంట్ మాత్రం 500కి తగ్గించి సీరం 100 అలాగే ఉంచితే అసలు ఫ్యాక్టర్ దాదాపు 965. స్క్రీన్ మీద 1768 అలాగే వదిలేశారంటే 40 రావాల్సిన ఎస్‌జీపీటీ 73 వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయం మందులు మింగడం మొదలుపెడతాడు. రీఏజెంట్ ఆదా గురించి మాట్లాడే ప్రతి యజమానికీ ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించాలి.

అదే టెస్టులో ఇంకో ఉచ్చు ఉంది. పచ్చకామెర్లతో వచ్చిన మనిషికి ఎస్‌జీపీటీ వేలల్లో ఉందనుకోండి. రీడింగ్ మొదలయ్యేలోపే ఎన్‌ఏడీహెచ్ మొత్తం అయిపోతుంది. ఇక తరగడానికి ఏమీ లేదు కాబట్టి గీత చదునుగా వస్తుంది, మెషీన్ 20 అనో 30 అనో ఇస్తుంది. మంచి సాఫ్ట్‌వేర్ అయితే సబ్‌స్ట్రేట్ అయిపోయిందని ఫ్లాగ్ వేస్తుంది, అదీ దాని లిమిట్ సరిగా పెట్టి ఉంటేనే. సీరం పసుపుపచ్చగా ఉండి, బిలిరుబిన్ పన్నెండు ఉండి, ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చిందంటే రియాక్షన్ కర్వ్ తెరిచి చూడాలి, సీరంని పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపాలి. అంకెని కాక గీతని చూడడం అలవాటు చేయడమే ట్రైనింగ్‌లో సగం పని.

యూనిట్లు కూడా ఒకసారి చదువుకోవాలి. యూరియా, బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ మాత్రమే) ఒకటి కావు, మధ్యలో 2.14 రెట్ల తేడా ఉంది. కంట్రోల్ షీటులో ఒక యూనిట్, మెషీన్‌లో ఇంకో యూనిట్ ఉంటే రోజంతా బుర్ర పగలగొట్టుకోవాల్సిందే.

క్యాలిబ్రేటర్ (మెషీన్ కొలతని సరిచేయడానికి వాడే, విలువ తెలిసిన ద్రవం) దగ్గర చేతి పని తేడా చేస్తుంది. పొడిగా వచ్చే సీసాలో సరిగ్గా చెప్పినంత నీళ్లే పోయాలి. 5 మిల్లీలీటర్లంటే 5 మిల్లీలీటర్లు, వాల్యుమెట్రిక్ పైపెట్‌తో, ఇంజెక్షన్ సిరంజితో కాదు. ఇక్కడ నాలుగు శాతం ఎక్కువ నీళ్లు పడితే ఆ నాలుగు శాతం ఆ తర్వాత వచ్చే ప్రతి పేషెంట్ రిపోర్టులోనూ దాక్కుంటుంది. నురగ రాకుండా మెల్లగా తిప్పి, చెప్పినంత సేపు ఆగాలి. సీసాతో వచ్చిన కాగితం మీది లాట్ నంబర్, స్క్రీన్ మీది లాట్ నంబర్ కలుస్తున్నాయో లేదో చూడాలి, ఎందుకంటే విలువలు లాట్ లాట్‌కీ మారతాయి.

ఇప్పుడు కంట్రోల్. లెవీ, జెన్నింగ్స్ 1950లో ల్యాబుకి తెచ్చిన చార్టు, వెస్ట్‌గార్డ్ 1981లో ఇచ్చిన నియమాలు ఇవాళ చాలా మెషీన్ల సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. అయినా కొత్తవాళ్లకి ఒక్క ముక్కే చెప్పి వదిలేస్తారు: ‘రెండు ఎస్‌డీ దాటితే ఆపేయ్.’ ఎస్‌డీ అంటే సగటు చుట్టూ అంకెలు మామూలుగా ఎంత ఊగుతాయో చెప్పే కొలత. మాట వినడానికి బాగుంది, లెక్క వేస్తే నిలబడదు. అంతా సవ్యంగా ఉన్నా వందలో నాలుగైదు కంట్రోళ్లు రెండు ఎస్‌డీ బయట పడతాయి, అది గణితం. రోజుకి పదిహేను టెస్టులు, ఒక్కోదానికి రెండు లెవెళ్ల (వేర్వేరు విలువల) కంట్రోళ్లు అంటే చార్టు మీద ముప్పై చుక్కలు. అంటే ఏ తప్పూ లేకపోయినా నాలుగు ఉదయాల్లో మూడింట ఒకటో రెండో బయట ఉంటాయి. పాపం ఆ కుర్రాడు ప్రతిసారీ ఆపుతాడు, మళ్లీ నడిపితే లోపలికి వస్తుంది. పది రోజుల్లో అతను నేర్చుకునేది ఒకటే: కంట్రోల్ తప్పితే లోపలికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. ఆ అలవాటు పడ్డాక నిజంగా లాంప్ పోయిన రోజు కూడా అదే చేస్తాడు.

కాబట్టి రెండు ఎస్‌డీ ఒకసారి దాటితే అది చూడమన్న హెచ్చరిక. ఒకే లెవెల్ వరసగా రెండుసార్లో, ఒకే రోజు రెండు లెవెళ్లూ ఒకే పక్కకో రెండు ఎస్‌డీ దాటితే, లేదా ఏదైనా మూడు దాటితే ఆపాలి. ఆ మీన్, ఎస్‌డీ కూడా కిట్ కాగితం మీదివి కాకుండా సొంత మెషీన్ మీద ఇరవై రోజులు నడిపి తెచ్చుకున్నవి కావాలి. కాగితం మీది రేంజ్ ఎన్నో ల్యాబుల్ని కలిపి ఇచ్చింది, చాలా వెడల్పుగా ఉంటుంది. అంత వెడల్పు గేటులోంచి తప్పులు కూడా దర్జాగా నడిచిపోతాయి.

ఆపాక ఏం చేయాలి? కొత్తవాళ్ల చేయి వెంటనే క్యాలిబ్రేషన్ మీదకి పోతుంది. చేయకూడదు. ముందు ఎన్ని టెస్టులు తప్పాయో చూడాలి. ఒక్క టెస్టే తప్పితే ఆ రీఏజెంట్, దాని ఎక్స్‌పైరీ, బాటిల్‌లో బుడగ. 340లో చదివేవన్నీ ఊగుతుంటే లాంప్, ఎందుకంటే హాలోజెన్ లాంప్‌కి ఆ చివరన వెలుగు మొదటి నుంచీ తక్కువే, ముసలిదయ్యేకొద్దీ ముందు అక్కడే తడబడుతుంది. ఎస్‌జీపీటీ లాంటి ఎంజైములన్నీ ఒకే పక్కకి జరిగితే 37 డిగ్రీలు నిజంగా 37 ఉన్నాయా అని. అన్నీ ఒకేసారి పోతే సీరం ప్రోబ్, నీళ్లు, లేదా కంట్రోల్ సీసానే. ఈ నాలుగు వాక్యాలు మెషీన్ పక్కన గోడకి అంటిస్తే ఇంజనీర్‌కి చేసే ఫోన్లు సగానికి తగ్గుతాయి. కారణం తెలియకుండా క్యాలిబ్రేషన్ చేస్తే కొత్త సున్నా తప్పు మీద కూర్చుంటుంది, కంట్రోల్ లోపలికి వస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ట్రైనింగ్‌లో మంచి పద్ధతి కావాలని చెడగొట్టి చూపించడం. రీఏజెంట్ బాటిల్‌లో నురగ తెప్పించి నడపమనాలి, లెవెల్ సెన్సర్ ఆ నురగని ద్రవం అనుకుని గాలి పీల్చడం చూస్తారు. సరిగా గడ్డకట్టకముందే తిప్పిన సీరం పెట్టాలి, ఫైబ్రిన్ పోగు ప్రోబ్‌లో ఇరుక్కుని తర్వాతి మూడు సీరంలకి ఏం చేస్తుందో చూస్తారు. అర గంట గడ్డకట్టనివ్వమని వందసార్లు చెప్పినా వినని చెవి, ఒకసారి ప్రోబ్ తీసి శుభ్రం చేశాక వింటుంది. ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం) ట్యూబు రక్తం ఎర్ర మూత ట్యూబులో కొంచెం పోసి కాల్షియం, పొటాషియం చేయిస్తే ఒకటి పాతాళానికి, రెండోది ఆకాశానికి పోతాయి. ఇవి పేషెంట్లు లేని మధ్యాహ్నాలు చేయాల్సిన పనులు.

రక్త కణాలు లెక్కపెట్టే సెల్ కౌంటర్ కథ వేరు, కానీ డెల్టాలో వానల తర్వాత దాని మీదే అందరి కళ్లూ ఉంటాయి. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్ల అంకె కోసం ఇంటిల్లిపాదీ కౌంటర్ దగ్గర నిలబడతారు. త్రీ పార్ట్ కౌంటర్లు (తెల్లకణాల్ని మూడు రకాలుగా లెక్కపెట్టేవి) 1953లో వాలెస్ కౌల్టర్ పేటెంట్ పొందిన సూత్రం మీదే నడుస్తున్నాయి. సన్నటి రంధ్రంలోంచి కణం పోతే కరెంట్‌కి అడ్డు తగులుతుంది, ఎంత అడ్డు తగిలితే అంత పెద్ద కణం. సుమారు 2 నుంచి 30 ఫెమ్టోలీటర్ల మధ్య ఉన్నదల్లా ప్లేట్‌లెట్ అనుకుంటుంది. రక్తహీనతలో చితికి చిన్నవైన ఎర్రకణాలు ఆ కొలతలో దూరితే ప్లేట్‌లెట్లు లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపులు కడితే ఆ గుంపుల్ని అది ప్లేట్‌లెట్లుగా గుర్తించదు, లక్షన్నర ఉన్న మనిషికి నలభై వేలు వస్తుంది. ఆ కాగితం పట్టుకుని కుటుంబం రాత్రికి రాత్రి రాజమండ్రికో కాకినాడకో బయలుదేరుతుంది. తక్కువ వచ్చిన ప్రతి ప్లేట్‌లెట్ కౌంట్‌కీ స్లైడు గీసి మైక్రోస్కోప్‌లో చూడడం కొత్త మెషీన్ వచ్చినంత మాత్రాన మానేసే పని కాదు. హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే హెమటోక్రిట్‌కి (రక్తంలో ఎర్రకణాల శాతానికి) దగ్గరగా రావాలి, రాకపోతే ఆ శాంపిల్‌ని మళ్లీ చూడాలి. ఈ నోటి లెక్క మామూలు ఎర్రకణాలు ఉన్నవాళ్లకి బాగా పనిచేస్తుంది.

శాంపిల్ ప్రయాణం గురించి ఒక మాట. సఖినేటిపల్లి వైపు తీసిన రక్తం పంటు దాటి నరసాపురం చేరి, అక్కడి నుంచి భీమవరం పోవాలంటే ఎంత సేపు పడుతుందో రేవులో నిలబడ్డవాళ్లకి తెలుసు. వేరు చేయని రక్తంలో గ్లూకోజ్ గంటకి ఐదు నుంచి ఏడు శాతం దాకా తగ్గుతుంది. బైకు పెట్టెలో కుదుపులకి ఎర్రకణాలు పగిలితే పొటాషియం, ఎస్‌జీఓటీ పెరుగుతాయి. కంట్రోల్ పక్కాగా ఉన్నా ఈ తప్పులు మెషీన్‌కి దొరకవు, సీరం రంగు చూసిన మనిషికే దొరుకుతాయి. ఎర్రగా ఉన్న సీరంని ర్యాక్‌లో పెట్టే ముందే పక్కన పెట్టి, మళ్లీ రక్తం ఇమ్మని అడగాలి. ఏటి అవతల మనిషిని మళ్లీ రమ్మనడం ఇబ్బందే, అందుకే ఈ మాట యజమాని చెప్పాలి, కొత్త టెక్నీషియన్ మీద వేయకూడదు.

వ్యర్థ జలం సంగతి ఇన్‌స్టలేషన్ రోజు ఎవరూ ఎత్తరు. 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం దాన్ని ల్యాబులోనే శుద్ధి చేశాకే బయటికి వదలాలి. గొట్టం కిటికీలోంచి వెనక మురుగు కాలువలోకి వేసేస్తే అది ఎవరి చేలోకో చెరువులోకో చేరుతుంది. బ్లీచ్‌నీ యాసిడ్ క్లీనర్‌నీ ఒకే డబ్బాలో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుందన్నది మాత్రం మొదటి రోజే చెప్పి తీరాలి.

పేషెంట్ రిపోర్టులు ఇవ్వడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చివరి ప్రశ్న. కంట్రోల్‌ని రోజుకి ఐదుసార్ల చొప్పున ఐదు రోజులు నడిపి నిలకడ చూడడం సీఎల్ఎస్ఐ చెప్పే చిన్న పద్ధతి, ఏ ల్యాబ్ అయినా చేయగలదు. ఆరోగ్యవంతులు ఇరవై మంది రక్తం నడిపితే నార్మల్ రేంజ్ బయట ఇద్దరికి మించి పడకూడదు. తర్వాత వెల్లూరు సీఎంసీ నడిపే బయటి నాణ్యతా పరీక్షలో చేరితే నెలనెలా ఒక తెలియని శాంపిల్ వస్తుంది, మన అంకె మిగతా ల్యాబుల మధ్య ఎక్కడుందో తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు మాత్రం కనీసం ఇరవై, వీలైతే నలభై పేషెంట్ సీరంలు పాత మెషీన్ మీదా కొత్తదాని మీదా పక్కపక్కన నడిపి చూడాలి. తక్కువవి, ఎక్కువవి, పచ్చకామెర్లవి, కిడ్నీ జబ్బువి అన్నీ అందులో ఉండాలి. డెల్టా ల్యాబుల్లో ఇది జరగకపోవడానికి కారణం బద్ధకం కాదు. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ కింద పాత మెషీన్ని, కొత్తది దింపిన వ్యానులోనే ఎక్కించేస్తారు, ఇక పోల్చడానికి ఏమీ మిగలదు. బేరం కుదిరే రోజే పాతది నెల రోజులు ల్యాబులోనే ఉంటుందని కొటేషన్ మీద రాయించుకోవాలి. వద్దంటే ఎక్స్‌ఛేంజ్ కింద వచ్చే ఆ కాస్త డబ్బూ వదులుకున్నా ఫర్వాలేదు.